బిల్లు పెరిగినా, గ్యాస్ తగ్గినా: దొంగతనమో కాదో తేల్చుకోవడం, తేలాక ఫిర్యాదు చేయడం

నేను ఇళ్లకు వైరింగ్ పని చేస్తాను. "మా కరెంటు ఎవరో వాడేసుకుంటున్నారు, ఒకసారి వచ్చి చూడండి" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా పిలుస్తారు. వెళ్లి చూస్తే ఎక్కువ ఇళ్లలో దొంగ ఉండడు. కొన్ని ఇళ్లలో నిజంగానే ఉంటాడు.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు వాళ్లకు గృహజ్యోతి కింద ప్రతి నెలా జీరో బిల్లు వచ్చేది. ఒక నెల 200 యూనిట్లు దాటింది, దాంతో మొత్తం బిల్లూ కట్టాల్సి వచ్చింది. మర్నెల ఇంకా పెరిగింది. అదే సమయంలో సెల్లార్‌లో వాచ్‌మన్ గదిలో కొత్తగా ఒక కూలర్ కనిపించింది. ఇంకేముంది, వాచ్‌మనే వైరు తగిలించుకున్నాడని అందరూ తీర్మానించేశారు. నన్ను పిలిచేసరికే అతని భార్యాపిల్లలు సామాన్లు సర్దుకుని ఊరెళ్లిపోయారు. బోర్డు విప్పి చూస్తే అతను చేసిన తప్పేమీ లేదు. అసలు ఏం జరిగిందో కింద న్యూట్రల్ దగ్గర చెబుతాను.

ఆ రోజు నుంచి ఎవరు పిలిచినా ఒకటే చెబుతున్నాను. మీటరును అడగకుండా మనిషిని అనుమానించకండి. మీటరు చెప్పాక మాత్రం మొహమాటంతో ఊరుకోకండి. కింద రాసిందంతా ఆ క్రమంలోనే ఉంటుంది. చట్టాలు, ఫోన్ నంబర్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ పనికొచ్చేవే.

ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి

మొత్తం రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. పోయిన రీడింగ్ తేదీకి, ఈ రీడింగ్ తేదీకి మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి, రోజుకు ఎన్ని యూనిట్లు పడ్డాయో తీయండి. 28 రోజుల బిల్లును 35 రోజుల బిల్లుతో పోలిస్తే దొంగ లేకుండానే దొంగతనం కనిపిస్తుంది. పోయిన నెల ఇంటికి తాళం ఉండి "డోర్ లాక్" అని సరాసరి వేసి ఉంటే, ఆ తేడా అంతా ఈ నెల మీద పడుతుంది.

తర్వాత బిల్లు మీద ఉన్న ఈ నెల రీడింగ్‌ను మీటరు మీద ఇప్పుడు కనిపిస్తున్న రీడింగ్‌తో సరిచూడండి. మీటరు అంకె బిల్లు అంకె కన్నా తక్కువ ఉంటే రీడింగే తప్పు రాశారన్నమాట. మీటరు ఫొటో తీసుకుని సెక్షన్ ఆఫీసుకు (మీ ప్రాంతపు కరెంటు ఆఫీసు) వెళ్లండి, పని అక్కడితో అయిపోతుంది.

అలాగే ఇంట్లో కొత్తగా ఏం వచ్చిందో నిజాయితీగా గుర్తు చేసుకోండి. 2000 వాట్ల గీజరు గంట మండితే రెండు యూనిట్లు. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే సుమారు ఒక యూనిట్. పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు పాడైతే కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా తిరుగుతుంది.

ఇవేవీ కాకపోతే మీటరు దగ్గరికి పదండి.

పది నిమిషాల పరీక్ష

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. దాని పక్కనే చాలా మీటర్లలో "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" అని ముద్రించి ఉంటుంది. కొన్నింటిలో వేరే అంకె ఉండొచ్చు, మీ మీటరు మీద ఉన్నదే లెక్క. 3200 అంటే ఆ లైటు అన్నిసార్లు కొడితే ఒక యూనిట్ అయినట్టు.

1. ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై పెట్టె, టీవీ కింద వెలిగే చుక్క లైటు, దేవుడి దగ్గర జీరో బల్బు, ఏదీ వదలొద్దు. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, మీటరు ముందు పది నిమిషాలు నిలబడండి. లైటు కొట్టకూడదు. పది వాట్ల వస్తువు ఒక్కటి మిగిలినా సుమారు రెండు నిమిషాలకోసారి కొడుతుంది. అందుకే పది నిమిషాలు అంటున్నాను.

2. ఇప్పుడు మెయిన్ ఆపి మళ్లీ పది నిమిషాలు చూడండి.

3. మెయిన్ ఆన్ చేసి, ఎన్ని వాట్లో తెలిసిన వస్తువు ఒక్కటే పెట్టండి. 1000 వాట్ల నీళ్ల రాడ్‌ను బకెట్‌లో ముంచి ఆన్ చేస్తే, 3200 మీటరులో లైటు నిమిషానికి సుమారు 53 సార్లు కొట్టాలి. ఓల్టేజీని బట్టి నాలుగైదు అటూ ఇటూ ఉండొచ్చు. 53 బదులు 80, 90 కొడితే మీటరులోనో వైరింగ్‌లోనో లోపం ఉంది. రాడ్ ఆన్‌లో ఉండగా ఆ బకెట్ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

మూడు పరీక్షలూ ఫోన్‌లో వీడియో తీయండి. సర్వీస్ నంబరు, మీటరు నంబరు, రీడింగ్ కనిపించేలా తీస్తే రేపు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ముందు మాట నిలబడుతుంది.

లక్షణం: అన్నీ ఆపినా కొడుతోంది, మెయిన్ తీస్తే ఆగుతోంది

కారణం మెయిన్ తర్వాతే, అంటే మీ ఇంటి వైరింగ్‌లోనే ఉంది. పెట్టెలోని ఎంసీబీలను (ఒక్కో లైన్‌ను ఆపే చిన్న స్విచ్‌లు) ఒక్కొక్కటిగా దించుతూ పోండి. ఏది దించినప్పుడు లైటు ఆగిందో ఆ దారి పట్టుకుని వెతకండి.

తరచుగా దొరికేవి మూడు. మర్చిపోయిన వస్తువు ఒకటి. తడి పట్టిన గోడలో దెబ్బతిన్న వైరు నుంచి భూమిలోకి కరెంటు కారడం రెండోది. ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణం సంగతి. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించండి, కరెంటు కారితే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మూడోది, మీ లైన్ నుంచి ఇంకో చోటికి వైరు వెళ్లి ఉండటం.

అద్దె ఇళ్లలో ఈ మూడోది చాలా ఎక్కువ. మెట్ల లైట్లు, సంపు మోటారు, మేడ మీద పోర్షన్‌లో ఒక గది అద్దెకున్న వాళ్ల మీటరు మీద నడుస్తుంటాయి. ఒక హెచ్‌పీ మోటారు రోజుకు రెండు గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్ల దాకా మీ ఖాతాలో పడతాయి. చాలా మంది ఇంటి ఓనర్లకు ఆ సంగతే తెలియదు, ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ ఎటు దగ్గరైతే అటు కలిపేసి ఉంటాడు. ముందు ఓనరుకు చూపించి, ఆ లైన్‌ను ఆయన మీటరుకు మార్చమని అడగండి. తెలిసే చేశారని, అడిగినా మార్చడం లేదని తేలితే అప్పుడు రాతలో పెట్టండి.

లక్షణం: మెయిన్ తీసినా కొడుతూనే ఉంది

ఇక్కడ మూడు దారులున్నాయి. జాగ్రత్తగా విడదీయాలి.

మొదటిది, అది మీ మీటరు కాకపోవడం. అపార్ట్‌మెంట్‌లో మీటర్లన్నీ ఒకే చోట వరసగా ఉంటాయి. పెయింటు వేసినప్పుడో, మీటర్లు మార్చినప్పుడో వైర్లు తారుమారవుతాయి. 301 వాళ్ల వాడకం 302 వాళ్ల బిల్లులో, 302 వాళ్లది 301 బిల్లులో వస్తుంటుంది. మీ మెయిన్ తీయించి, కింద ఇంకొకరిని నిలబెట్టి ఏ మీటరు ఆగిందో చూడమనండి. పక్క మీటరు ఆగితే సంగతి తేలిపోయింది. ఆ ఇంటి వాళ్లను కూడా పిలిచి వాళ్ల ముందే మళ్లీ చేసి చూపించండి, ఇద్దరూ కలిసి సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. మీటర్ల దగ్గర వైర్లు మీరే విప్పి మార్చుకోవద్దు. సీలు తెగితే మంచి పని చేయబోయి కేసులో పడతారు.

రెండోది న్యూట్రల్ కలిసిపోవడం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అనవసరపు నిందలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

కరెంటు ఫేజ్ వైరులో వచ్చి, న్యూట్రల్ వైరులో తిరిగి వెళుతుంది. మన ఇళ్లకు పెట్టే మీటర్లు దొంగతనాన్ని పట్టుకోవడానికి రెండు వైర్లలోనూ కరెంటును కొలుస్తాయి. రెండింటిలో తేడా ఉంటే, ఏది ఎక్కువో దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. "ఈఎల్" అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతుంది. ఇప్పుడు పక్కింటి న్యూట్రల్ వైరు, మీ న్యూట్రల్ వైరు ఎక్కడో ఒక పెట్టెలో కలిసిపోయాయనుకోండి. వాళ్ల ఫేజ్ వాళ్ల మీటరు నుంచే వస్తుంది, వాళ్ల మీటరు దాన్ని సక్రమంగానే లెక్కేస్తుంది. కానీ తిరుగు ప్రయాణంలో కొంత కరెంటు మీ న్యూట్రల్ గుండా వస్తుంది. మీ మీటరు దాన్నీ మీ ఖాతాలో వేస్తుంది. ఒకే కరెంటుకు రెండు ఇళ్లు డబ్బు కడతాయి. దొంగ ఎవరూ లేరు.

ఆ అపార్ట్‌మెంట్‌లో జరిగింది ఇదే. సెల్లార్ గోడకున్న జంక్షన్ పెట్టె మూత విప్పితే, లోపల రెండు నల్ల వైర్లు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి, ఒకే టేపు చుట్టి ఉన్నాయి. ఒకటి రెండో అంతస్తుది, రెండోది కామన్ మీటరు నుంచి వాచ్‌మన్ గదికి వెళ్లేది. నెలల క్రితం మోటారు స్టార్టరు బిగించిన మనిషి రెండూ నల్లవే కదా అని కలిపేశాడు. కూలర్ వచ్చాక ఆ న్యూట్రల్‌లో కరెంటు పెరిగింది, పై ఇంటి మీటరు పరుగెత్తింది. వైర్లు విడదీసి వేరువేరు కనెక్టర్లలో బిగించాను. ఈఎల్ లైటు అక్కడికక్కడే ఆరిపోయింది. అతని కుటుంబాన్ని వెనక్కి పిలిపించడానికి మాత్రం నెల పట్టింది.

న్యూట్రల్ కలిసిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఫేజ్ ఒక్కదాన్నే తెంచే మెయిన్ గానీ ఎంసీబీ గానీ తీస్తే లైటు కొడుతూనే ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ మెయిన్ తీస్తే ఆగిపోతుంది. ఈ తేడా కనిపిస్తే వెతకాల్సింది మనిషిని కాదు, జంక్షన్ పెట్టెను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరుతో ఫేజ్‌లో ఎంత, న్యూట్రల్‌లో ఎంత అని కొలిస్తే పది నిమిషాల్లో తేలుతుంది. న్యూట్రల్ కదా షాక్ కొట్టదులే అని మీరు చెయ్యి పెట్టకండి. తెగిన న్యూట్రల్ కొన ఫేజ్ అంత ప్రమాదం.

మూడో దారి అసలు దొంగతనం. డబుల్ పోల్ మెయిన్ తీసినా, మీటరు మీదే అని ఖాయం చేసుకున్నా లైటు కొడుతూనే ఉందంటే, మీటరుకు మీ మెయిన్‌కు మధ్య ఎవరో వైరు కలిపి ఉండొచ్చు. పైపు పగిలి మళ్లీ టేపు చుట్టి ఉండటం, మిగతా వైర్ల కన్నా కొత్తగా మెరిసే వైరు ఒకటి గోడ పక్కన దాక్కుని పోవడం, కేసింగ్ మీద పాత దుమ్ము ఒక్క చోటే చెదిరి ఉండటం, ఇవి నేను చూసిన గుర్తులు. ఏ సమయంలో లైటు వేగంగా కొడుతోందో రెండు మూడు రోజులు రాసుకోండి. రాత్రి పదికి మొదలై తెల్లవారాక ఆగితే అది ఏసీ కావచ్చు.

ఆ వైరును మీరు తెంచొద్దు. తెంచితే సాక్ష్యం పోతుంది, చెయ్యి తగిలితే మనిషే పోతాడు. ఫొటోలు, వీడియో తీసి ఏఈకి రాసివ్వండి. మీటరు తర్వాతి వైరింగ్ ఇంటివాళ్ల బాధ్యత కాబట్టి, తమ పరిధి కాదని ఆఫీసులో అనొచ్చు. అలా అన్నా సరే, దరఖాస్తు తీసుకున్నట్టు సంతకం, ముద్ర అడగండి. ఆ కాపీతో పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

లక్షణం: మీ మీటరు సరిగానే ఉంది, వీధిలో మాత్రం తేడాగా ఉంది

రాత్రి ఏడు దాటగానే లైట్లు మసకబారడం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు మాటిమాటికీ పోవడం, గాలి వీచినప్పుడు స్తంభం దగ్గర నిప్పురవ్వలు రాలడం. అన్నిసార్లూ ఇవి దొంగతనం గుర్తులు కావు. ఎండాకాలంలో ఏసీలు పెరిగినా ఓల్టేజీ పడిపోతుంది. కానీ వీటితో పాటు కిందివి కనిపిస్తే అనుమానించాల్సిందే:

- లైన్ మీద కొక్కెం తగిలించిన వైరు. చీకటి పడ్డాక వచ్చి తెల్లారేసరికి మాయమయ్యేది మరీ.
- సర్వీస్ వైరు పై తొడుగు ఒక చోట ఒలిచి, అక్కడి నుంచి ఇంకో వైరు మీటరుకు వెళ్లకుండా ఇంట్లోకి పోవడం.
- బయట ఏసీ యూనిట్ హోరున తిరుగుతుంటే మీటరు లైటు కదలకపోవడం.
- మీటరు సీలు తెగి ఉండటం, మూత స్క్రూలు వదులుగా ఉండటం, బాకీ పడి కనెక్షన్ తీసేసిన ఇంట్లో లైట్లు వెలగడం.

పెళ్లి పందిళ్లకు, మండపాలకు, ఇల్లు కట్టే చోట మోటార్లకు కొక్కేలు వేయడం మన దగ్గర ఎవరూ తప్పుగా కూడా అనుకోరు. తాత్కాలిక కనెక్షన్ అడిగితే ఇస్తారు. కొక్కెం వైరుకు ఎంసీబీ ఉండదు, ఎర్తింగ్ ఉండదు. వానకు తడిసిన పందిరి గుంజను పట్టుకున్న పిల్లవాడికి అది కొక్కెం వైరని ఎలా తెలుస్తుంది? లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు ఇంకో వైపు నుంచి దొంగ వైరు గుండా కరెంటు తిరిగొస్తే ఏమవుతుంది? బిల్లు సంగతి పక్కన పెట్టినా, ఈ రెండు ప్రశ్నల కోసమైనా ఫిర్యాదు చేయాలి.

లక్షణం: అద్దెకు దిగిన ఇంట్లో సీలు ముందే తెగి ఉంది

చాలా మంది దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. అదే పెద్ద పొరపాటు. మీటరును ఏమార్చే ఏర్పాటు ఏదైనా దొరికితే, వేరే విధంగా రుజువయ్యేదాకా దాన్ని వాడకందారే చేశాడని భావించే వీలు విద్యుత్ చట్టంలో ఉంది. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది మీరు.

దిగిన రోజే మీటరు రీడింగ్, సీళ్లు, చుట్టుపక్కల వైర్లు ఫొటో తీయండి. తేడా కనిపిస్తే ఓనరుకు వాట్సాప్‌లో పంపండి, ఆ రోజే సెక్షన్ ఆఫీసులో రాసివ్వండి. "ఫలానా తేదీన ఇంట్లో దిగాను, అప్పటికే సీలు ఇలా ఉంది, పరిశీలించగలరు" అని రెండు వాక్యాలు చాలు.

కరెంటు దొంగతనం మీద ఫిర్యాదు ఎలా, ఎవరికి

1912 కు ఫోన్ చేయడం అన్నిటికన్నా తేలిక. ఎక్కడి నుంచి చేసినా మీ ప్రాంతపు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థ) చేరుతుంది. తెలంగాణలో టీజీఎస్‌పీడీసీఎల్, టీజీఎన్‌పీడీసీఎల్, ఆంధ్రలో ఏపీఈపీడీసీఎల్, ఏపీసీపీడీసీఎల్, ఏపీఎస్‌పీడీసీఎల్. నిప్పురవ్వలు, వేలాడే వైరు ఉంటే ముందు ప్రమాదమని చెప్పండి, ఆ తర్వాతే దొంగతనం సంగతి. ఫిర్యాదు నంబరు రాసుకోకుండా ఫోన్ పెట్టేయొద్దు.

వారంలో ఎవరూ రాకపోతే సెక్షన్ ఏఈకి, ఆపైన ఏడీఈకి (ఏఈ పై అధికారి) రాతపూర్వకంగా ఇవ్వండి. దొంగతనాలు పట్టుకోవడానికే డిస్కంలలో డీపీఈ విభాగం ఉంది, దానికీ ఒక ప్రతి పంపొచ్చు. కింది స్థాయి సిబ్బందికి తెలిసే నడుస్తోందన్న అనుమానం ఉన్న చోట నేను నేరుగా డీపీఈకే రాయమంటాను. మీ పేరు బయటపెట్టొద్దని ఉత్తరం మొదట్లోనే రాయండి.

ఉత్తరంలో మీరు కళ్లారా చూసిందే రాయండి. "ఫలానా ఆయన దొంగ" అని రాయకండి. ఇలా రాయండి: "ఫలానా వీధిలో, ఈ నంబరు స్తంభం నుంచి, మూడంతస్తుల పసుపు రంగు ఇంటి మేడ మీదికి ఒక నల్ల వైరు వెళుతోంది. మొన్న సోమవారం, మంగళవారం రాత్రి 8 గంటల తర్వాత చూశాను. ఉదయం 6 కి లేదు." వచ్చే సిబ్బందికి ఏ రోజు, ఏ వేళకు రావాలో ఇది చెబుతుంది. మీ అంచనా తప్పయినా ఎవరి పరువూ పోదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకండి. ఆ వాచ్‌మన్‌పై నింద మొదలైంది అక్కడే.

తనిఖీలో దొంగతనం తేలితే విద్యుత్ చట్టం 2003 లోని 135వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడికక్కడే సరఫరా ఆపొచ్చు, ఆపిన 24 గంటల్లో పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మొదటిసారి జరిమానా, దొంగతనంతో మిగుల్చుకున్న దానికి మూడు రెట్లకు తగ్గదు. రెండోసారి ఆరు రెట్లకు తగ్గదు. వేసిన మొత్తం కడితే 48 గంటల్లో కరెంటు తిరిగి ఇవ్వాలి, కేసు మాత్రం దాని దారిన అది నడుస్తుంది.

మీ మీదే నిందపడితే

తనిఖీకి వచ్చిన వాళ్ల గుర్తింపు కార్డులు అడిగి చూడండి. ఇళ్లలో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా, ఆ ఇంట్లో ఉండే వయోజనుడైన మగవారు లేకుండా తనిఖీ చేయకూడదని చట్టం చెబుతోంది. ఏమైనా స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, మీ సంతకం తీసుకుని, ఒక ప్రతి మీకివ్వాలి. చదవకుండా సంతకం పెట్టకండి.

దొంగతనం కాకుండా అనధికార వాడకం అన్నారనుకోండి, ఇంటి కనెక్షన్ మీద దుకాణం నడపడం లాంటిది. అప్పుడు 126వ సెక్షన్ కింద ఆ వాడకానికి వర్తించే ధరకు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి జరుగుతోందో తేల్చలేకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. తాత్కాలిక నోటీసు వచ్చిన వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. తుది ఉత్తర్వు వచ్చాక 127వ సెక్షన్ కింద అప్పీలుకు 30 రోజుల గడువుంది, వేసిన మొత్తంలో సగం కట్టి అప్పీలు చేయాలి.

మీటరే పరుగెత్తుతోందని మీ నమ్మకమైతే ఫీజు కట్టి మీటరు పరీక్ష కోరండి. బిల్లు తగాదా తెగకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. దొంగతనం కేసులు మాత్రం ఆ వేదిక చూడదు, వాటికి ప్రత్యేక కోర్టులున్నాయి.

ఇక గ్యాస్

మన ఇళ్లలో ఎక్కువగా సిలిండరే కాబట్టి దొంగతనం రూపం వేరు. కరెంటు వైరు గుండా పోతే, గ్యాస్ ఇంటికి రాకముందే పోతుంది.

లక్షణం: సిలిండర్ ముందులా రావడం లేదు

ముందు వాసన. గ్యాస్ వాసన వస్తుంటే లెక్కలు తర్వాత. స్విచ్‌లు వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపి, బయట నిలబడి 1906 కు ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువైనది. నేల మీదే పేరుకుంటుంది, పైన వాసన లేదని ధీమా పడకూడదు.

వాసన లేకపోతే సబ్బు నురగ గొట్టానికి, రెగ్యులేటరుకు రాసి చూడండి, బుడగలొస్తే కారుతోంది. సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. మంట పసుపుగా ఉండి గిన్నెలకు మసి పడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయి, శుభ్రం చేయించండి. ఇవన్నీ బాగుండి కూడా తగ్గుతుంటే తూకం చూడాలి.

లక్షణం: బరువు తేడాగా అనిపిస్తోంది

ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ చుట్టూ ఉండే పట్టీల మీద రాసి ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. 15.9 అని రాసి ఉంటే నిండు సిలిండర్ 30.1 కిలోలు తూగాలి. డెలివరీకి వచ్చిన వారు తూకం యంత్రం తెచ్చుకోవాలి, అడిగితే తూచి చూపించాలి. అడగడానికి మొహమాటం ఎందుకు? మనం డబ్బు కట్టింది బరువుకే.

తూచే ముందు సీలు చూడండి. మూత మీది ప్లాస్టిక్ సీలు చిరిగి ఉన్నా, దారం వదులుగా ఉన్నా, రెండోసారి అతికించినట్టున్నా తీసుకోవద్దు. అలాగే అయిపోయిన సిలిండర్‌ను కూడా ఒకసారి తూచండి. పట్టీ మీది అంకె కన్నా కిలో, కిలోన్నర ఎక్కువ తూగుతూ మంట రాకపోతే లోపల గ్యాస్ కాని మరేదో ఉంది. నీళ్లు కావచ్చు. తిప్పిచ్చేయకుండా ఫొటో తీసి, అలాగే ఉంచి ఫిర్యాదు చేయండి.

తక్కువ తూగితే ఆ సిలిండర్ తిప్పి పంపి, తూకం ఫొటో, సిలిండర్ నంబరు, బిల్లు జత చేసి ఏజెన్సీకి రాయండి. గ్యాస్ కంపెనీల టోల్ ఫ్రీ నంబరు 1800-2333-555. తూకం మోసం తూనికలు కొలతల శాఖ పరిధిలోకి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా తీసుకుంటుంది. డెలివరీ కుర్రాడిని వీధిలో నిలబెట్టి దులపడం వల్ల ఒరిగేదేమీ లేదు. గ్యాస్ ఎక్కడ తీశారో అతనికే తెలియకపోవచ్చు.

లక్షణం: బుక్ చేయలేదు, డెలివరీ అయినట్టు మెసేజ్ వచ్చింది

మీ పేరు మీది సిలిండర్ ఇంకెక్కడికో పోయింది. హోటల్‌కో, ఆటోలో నింపేవారికో. దీపం పథకం ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్లు వచ్చాక ఇది ఇంకా చూసుకోవాల్సిన విషయం. కంపెనీ యాప్‌లో బుకింగ్ చరిత్ర తెరిచి, గత ఏడాదిలో ఎన్ని వచ్చాయో మీ లెక్కతో పోల్చండి. తేడా ఉంటే స్క్రీన్‌షాట్లతో పై నంబరుకు, పౌర సరఫరాల శాఖకు ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్‌కు వచ్చే డెలివరీ కోడ్ సిలిండర్ గుమ్మం దాటి లోపలికొచ్చి, తూకం చూశాకే చెప్పండి. "కోడ్ చెప్పండమ్మా, సాయంత్రం తెస్తాం" అంటే చెప్పొద్దు.

లక్షణం: పక్క షెడ్డులో ఎప్పుడూ సిలిండర్లు, గ్యాస్ వాసన

పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్లలోకి గ్యాస్ నింపుతున్నారేమో. ఇది నేరం. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసవుతుంది. ఇళ్ల మధ్య ఒక్క నిప్పురవ్వ చాలు. దగ్గరికి వెళ్లి తొంగి చూడటం, ఫోన్‌తో వీడియో తీయడం వద్దు. దూరం నుంచి, ఏ వేళకు ఆటోలు వస్తున్నాయో గమనించి 112 కు, పౌర సరఫరాల శాఖకు చెప్పండి. అప్పటికప్పుడు వాసన గుప్పుమంటే ముందు 1906.

లక్షణం: పైపు గ్యాస్ బిల్లు పెరిగింది

హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ ఉన్న ఇళ్లకు ఒక చిన్న పరీక్ష చాలు. పొయ్యి నాబ్‌లన్నీ ఆపి, మీటరు దగ్గరి వాల్వు తెరిచే ఉంచి, చివరి ఎర్ర అంకెలు ఫొటో తీయండి. గంట తర్వాత మళ్లీ చూడండి. కదలకపోతే వాడకమే పెరిగింది. కదిలితే ఎక్కువసార్లు అది లీకే. ఈ గ్యాస్ గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది, కాబట్టి పై కిటికీలు తెరవండి. వాల్వు మూసి, బిల్లు మీదున్న అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. లీకు లేదని కంపెనీ మనిషి తేల్చి, మీటరు తర్వాత మీకు తెలియని అతుకు కనిపిస్తే, అప్పుడే దొంగతనం అని రాసివ్వండి. పైపును కదపడం, విప్పడం మాత్రం వాళ్లకే వదిలేయండి.